మా కాశి నడక

మా తమ్ముడు కాశి తాగుతున్నాడన్న సంగతి నాకు మొదట చెప్పినవాడు బలరామయ్య. ఆయనది గుడియాత్తం పక్కన వ్యవసాయం. ఊరి చివర సొంత స్థలంలో ఇల్లు కట్టిస్తున్నాడు, కట్టే మేస్త్రి మా కాశి. పట్టా పని మీద వేలూరు సత్తువాచారిలోని కలెక్టరాఫీసుకు వచ్చి, పక్క సందులో ఉన్న నా ఇడ్లీ కొట్టులో కూర్చున్నాడు. తిని, చేయి కడుక్కుని, పోతూ పోతూ అన్నాడు.

"పంకజమ్మా, చెప్తే తప్పుగా అనుకోవద్దు. మీ తమ్ముడు పగలే తాగతాండాడు."

గరిటె గిన్నెలో పడేసి ఆయన వైపు తిరిగాను.

"ఎవురు, మా కాశా? వాడు పన్నీరు సోడా తాగితేనే తల తిరగతాదనే మనిషి. తాగేది మీరు చూసినారా?"

"తాగేది చూడలేదమ్మా, నడిచేది చూసినా. కాలు ఈడ్చుకుంటా పోతాడు. చేతిలో తాపీ కరండి వణకతాది. ఏం చెప్పినా కండ్లప్పగించి చూస్తాడే గానీ మొగంలో ఒక బదులుండదు. ఏమప్పా ఇది అని అడిగితే, 'అవునప్పా, కొంజెం ఏసుకుంటా' అని వాడే ఒప్పుకున్నాడు."

నాకు కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, తరవాత కాళ్ళు లేస్తాయి. పిండి గిన్నె మీద మూత పెట్టి, కొట్టు పక్కింటామెకు అప్పగించి గుడియాత్తం బస్సెక్కాను. వాడిని ఏయే మాటలతో కడగాలో దారి పొడవునా సర్దుకుంటూ పోయాను. మా అమ్మానాన్నలు సిమెంటు దుమ్ములోనే బతికి అందులోనే పోయారు. కాశిని చంకనెత్తుకు తిప్పింది, వాడికి ముక్కు తుడిచింది నేను. మా ఇంట్లో తెలుగు, సైటులో అరవం, కోపమొస్తే రెండూ. ఆ రోజు రెండూ సిద్ధంగా ఉన్నాయి.

తీరా బలరామయ్య స్థలం దగ్గర దిగి చూసేసరికి ఒక్క మాటా పైకి రాలేదు.

గోడలు కిటికీల మట్టం దాటి లేచి ఉన్నాయి. కాశి ఇసుక కుప్ప వైపు నుంచి వస్తున్నాడు. వీపు ముందుకు వంగిపోయింది. రెండు చేతులూ ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉన్నాయి. పాదాలు నేల మీద రాసుకుంటూ వస్తున్నాయి. పక్కకు తిరగాల్సి వస్తే ఒక్క అడుగులో తిరగలేక, చిన్న చిన్న అడుగులు నాలుగైదు వేసి తిరిగాడు. కలెక్టరాఫీసు పక్కన ఇడ్లీలు అమ్ముకుంటూ నేను చేసే రెండో పని మనుషుల నడకలు చూడటం. అర్జీ ఇవ్వడానికి పోయేవాడి నడక వేరు, ఇచ్చి వచ్చేవాడి నడక వేరు. తాగినవాడి నడక నాకు చెప్పాల్సిన పని లేదు. తాగినవాడు పక్కలకు పోతాడు. వీడు పక్కలకు పోవడం లేదు, ముందుకే పోలేకపోతున్నాడు.

దగ్గరికి పోయి మొహంలో మొహం పెట్టి వాసన చూశాను. కాఫీ వాసన తప్ప ఏమీ లేదు.

"ఎప్పుడొచ్చినావక్కా?" అన్నాడు. ఆ మాట వినడానికి నేను చెవి దగ్గరపెట్టాల్సి వచ్చింది. నన్ను చూసి సంతోషమో భయమో చికాకో, వాడి మొహంలో ఏదీ లేదు. రెప్పలు కూడా ఎప్పుడో గానీ వాల్చడం లేదు. రెండు చేతుల వేళ్ళు మాత్రం వాటంతటవే ఆడుతున్నాయి. నాకు వాడిని కొట్టాలనిపించలేదు, ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం వాడి భార్య దేవకి వంటింట్లో నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఉన్నదంతా వెళ్ళబోసింది. పొద్దున చొక్కా బొత్తాలు ఆమే పెడుతోందట. అన్నం తినడానికి పిల్లాడికంటే ఎక్కువ సేపు పడుతోందట. మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా ఆమె చేయి పట్టాలట. నరాల బలహీనత అని ఎవరో చెబితే ఒడుగత్తూరు పోయి తైలం తెచ్చి కాళ్ళకు రాసింది. కాళ్ళు నున్నగా అయ్యాయి, నడక అట్లాగే ఉంది.

"అదంతా నేను తట్టుకుంటా వదినా," అంది దేవకి. "మొన్న మనవరాలికి చెవులు కుట్టించినాము గదా. ఆ బిడ్డ తాత తాతా అని ఒళ్ళోకి ఎక్కితే ఈయన స్తంభం మాదిరి కూచోనుండాడు. ఒక నవ్వు లేదు. నాతో మాటా లేదు. నా మీద మనసిరిగిపోయినాదేమో. ఇంగ యాడన్నా ఇంగో సంసారం..."

"ఉండు మే," అన్నాను. "వాడి చొక్కా బొత్తాలు నువ్వు పెట్టాల. ఇంగ ఇంగో సంసారం కూడా నువ్వే పెట్టించాల. వాడి చేత ఏదీ కాదు."

ఏడుస్తూనే నవ్వింది. నేను లేచి, వసారాలో కూర్చున్న వాడి ముందుకు పోయి నిలబడ్డాను.

"రేయ్ కాశీ. తాగతాండానని బలరామయ్యకు ఎందుకు చెప్పినావు?"

వాడికి ఇప్పుడు మాట బయటికి రావడానికీ టైం కావాలి.

"తాగే మేస్త్రికి పనిస్తారక్కా," అన్నాడు చివరికి. "తిట్టుకుంటానైనా ఇస్తారు. వణికే మేస్త్రికి ఎవురిస్తారు? పరంజా ఎక్కనిస్తారా?"

ఊళ్ళో ఒక డాక్టరు చూసి, ఇది పార్కిన్సన్స్ మాదిరి ఉంది, ఎందుకైనా మంచిది వేలూరు పోయి చూపించుకోమని ఎప్పుడో చీటీ రాసిచ్చాడట. వీడు ఆ పేరు వినగానే భయపడి ఆ చీటీని అక్కడే నలిపి పారేశాడు. వీళ్ళ వీధిలో విజయకుమార్ అనే ఆయన తండ్రికి అదే జబ్బు ఉండేది. చివరి రోజుల్లో ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టడం, ఎత్తి పడుకోబెట్టడం వీడు చూశాడు. ఆ పేరు ఒకసారి తగిలించుకుంటే తన గతి అంతే అనుకున్నాడు. పేరు పెట్టకుండా ఉంటే జబ్బు రాకుండా పోతుందన్నట్టు, తాగుబోతు అన్న పేరు కింద దాక్కున్నాడు. మా వంశంలో ఇంత తెలివి ఎవరికీ లేదు.

"నా చెయ్యి పొయ్యిందక్కా. గోడ నిలువు చూసేకి తూకం గుండు పట్టుకుంటే దారం నిలవడం లేదు. ఈ ఇంటితో నా పని సరి," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా మొహంలో బాధ కనబడలేదు. కళ్ళల్లోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. మనిషి లోపల మనిషి ఉన్నాడు, బయటికి రాలేకపోతున్నాడు.

"పేరేదో డాక్టరే పెట్టనీ. నువ్వు పెట్టుకోవద్దు. రేపు పొద్దున బస్సు," అన్నాను.

వేలూరు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు కోసం కూర్చున్న హాలు మా ఊరి సంత కంటే నిండుగా ఉంది. కాశిని మధ్యలో పెట్టుకుని నేనూ దేవకీ చెరో పక్క కూర్చున్నాం. ఎదుటి బల్ల మీద ఒకాయన మమ్మల్నే చూస్తూ నవ్వుతున్నాడు. కుడి చేయి ఒళ్ళో ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి బీడీ చుడుతున్నట్టు ఆడుతోంది. మా మాట వినపడి, "మీరు తెలుగోళ్ళా? మాది లత్తేరి. పూర్ణచంద్ర అంటారు, చింతపండు వ్యాపారం," అని తనే పరిచయం చేసుకున్నాడు.

"మీకేందప్పా?" అని అడిగాను. నాకు మొహమాటం లేదు.

"నాకు పార్కిన్సన్స్. చానా ఏండ్లుగా," అన్నాడు, తనకు రెండెకరాలున్నాయన్నంత మామూలుగా.

కాశి తల మెల్లగా అటు తిరిగింది.

పూర్ణచంద్రకు మాటలంటే ఇష్టం. మొదట వాసన పోయిందట. భార్య కాఫీ అని చింతపండు చారు ఇచ్చినా తెలిసేది కాదట. తరవాత నిద్రలో కలలొచ్చి కాళ్ళతో తన్నేవాడట, ఆమె కింద చాప వేసుకుని పడుకునేది. మలబద్ధకం. ఆ తరవాత చాలా కాలానికి కుడి చేయి ఒక్కటే వణకడం మొదలైంది. ఎడమ చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

"మాత్ర టయానికి పడితే నేను రాజా. టయం దాటితే బొమ్మ," అన్నాడు. "అయినా ఏమైందిప్పుడు? తరాజు నేనే పట్టతాండా. పొద్దున నడక, సాయంత్రం కసరత్తు. నాయనా, ఇది యముడి పేరు కాదు. జబ్బు పేరు. అంతే."

కాశి ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంత కాలం వాడు ఈ జబ్బున్నవాళ్ళలో ఒక్కరినే చూశాడు, అదీ మంచం మీద. కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి, వ్యాపారం చేసేవాణ్ణి చూడలేదు. మాకు పిలుపు వచ్చేసరికి వాడి భుజాలు కొంచెం దిగినట్టు నాకనిపించింది.

డాక్టరు పేరు జెన్సి. చిన్న వయసు, పెద్ద ఓపిక. అరవంలోనే మాట్లాడింది. కాశి చేత బొటనవేలు మీద చూపుడువేలు గబగబా కొట్టించింది. మొదట బాగానే కొట్టాడు, పోనుపోను వేలి ఊపు చిన్నదైపోయి ఆగిపోయింది. మోచేయి పట్టుకుని వంచి చూసింది. కాగితం మీద పేరూ ఊరూ రాయమంది. మొదటి అక్షరం నేను చదవగలిగాను, చివరిది చీమ తలకాయంత ఉంది. వరండాలో నడిపించింది. వెనక నిలబడి భుజాలు పట్టి ఒక్క గుంజు గుంజి, పడిపోతాడేమో చూసింది. కళ్ళు పైకీ కిందికీ తిప్పమంది. తరవాత ప్రశ్నలు. తలకు దెబ్బ తగిలిందా? బీపీ, షుగరు ఉన్నాయా? ఎప్పుడైనా మూతి వంకర పోయిందా, చేయి పడిపోయిందా? లేనివి కనబడుతున్నాయా? పొలాల్లో పురుగుమందు కొట్టే పని చేశాడా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అన్నిటికీ లేదు, లేదు అని నేనే చెప్పాను.

"వాసన తెలుస్తుందా?"

"బాగా తెలుస్తాది," అంది దేవకి. "నేను కూర మాడిస్తే వీధి మొగదల ఉన్నా కనిపెట్టతాడు."

"నిద్రలో కేకలు వేయడం, తన్నడం?"

"దుంగ మాదిరి పండుకుంటాడమ్మా. ఒత్తిగిలేకి కూడా నేనే ఉండాల."

"వణుకు ఏ చేతికి ముందు వచ్చింది?"

అది దేవకికీ తెలీదు, నాకూ తెలీదు. కాశి నెమ్మదిగా, "రెండిటికీ ఒకేమారు," అన్నాడు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మందులు ఏమైనా వాడుతున్నారా?"

"ఒక్కటి కూడా లేదు," అన్నాడు కాశి. దేవకి కూడా, "జ్వరమొచ్చినా మిరియాల కషాయమేనమ్మా. మాత్రంటేనే పడదు," అంది. అది నిజమేనని నేనూ తల ఊపాను. ముగ్గురం కలిసి పచ్చి అబద్ధం చెప్పాం, అది అబద్ధమని ముగ్గురికీ తెలీదు.

ఆమె వదల్లేదు. "సరే. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఆయన నోట్లోకి ఏమేం పోతుందో వరసగా చెప్పండి."

ఇదేం పరీక్ష అని నాకు ఒళ్ళు మండింది. దేవకి మాత్రం పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "లేస్తానే మొగం కడుక్కుంటాడు. గ్యాసుది ఒకటి ఏసుకుంటాడు. కాపీ తాగతాడు. ఆ తరవాత పలారం, ఇడ్లీనో దోసెనో..."

"ఆగండి. గ్యాసుది అంటే?"

"అది మందు కాదమ్మా," అన్నాం ముగ్గురం ఒకేసారి.

మా వాళ్ళల్లో అది నిజంగానే మందు లెక్కలోకి రాదు. షుగరుకు వేసుకుంటే మందు, బీపీకి వేసుకుంటే మందు. అవి వేసుకునేవాడు రోగిష్టి. గ్యాసుది కాఫీతో పాటు పోయే వస్తువు, వక్కాకు లాంటిది. స్లాబ్ పోసే రోజు పని మధ్యలో ఆపకూడదు. కాంక్రీటు చివరి తట్ట పడేదాకా మేస్త్రి అన్నం ముట్టడు. మా నాయన ముట్టలేదు, మా తాత ముట్టలేదు, కాశీ ముట్టడు. పొద్దున నుంచి చీకటి పడేదాకా ఖాళీ కడుపు మీద నల్ల టీ పోస్తూనే ఉంటాడు. ఒక స్లాబ్ రోజు కడుపులో మంటెక్కి, ఉబ్బరించి మెలికలు తిరిగిపోతుంటే, తోటి మేస్త్రి ఒకడు తన జేబులోది తీసి ఇచ్చాడట. హాయిగా దిగిపోయింది. అంతే, మరుసటి రోజు నుంచి రోజూ ఒకటి. అయిపోయినప్పుడల్లా ఖాళీ అట్టముక్క మందుల షాపులో చూపిస్తే అదే ఇస్తారు.

"ఆ అట్ట ఉందా?"

కాశి చేయి చొక్కా జేబులోకి పోవడానికి చాలాసేపు పట్టింది. నేనూ దేవకీ డాక్టరమ్మా ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం. డాక్టరమ్మ అట్టముక్క తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. చదివి, నవ్వింది. ఆ గదిలోకి పోయిన తరవాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఎన్నాళ్ళుగా?"

"రెండేండ్లకు పైనుంటాది," అన్నాడు.

"వణుకు మొదలై?"

"ఏడాది దాటింది."

ఆమె అట్ట బల్ల మీద పెట్టి విడమరిచి చెప్పింది. పార్కిన్సన్స్ అనేది ఒక జబ్బు. పార్కిన్సనిజం అనేది ఒక వాలకం: మందగించడం, బిగుసుకుపోవడం, వణకడం, పడిపోవడం. ఆ వాలకం తెచ్చిపెట్టేవి చాలా ఉన్నాయి. జబ్బు తేవచ్చు. మెదడులో చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయి రావచ్చు, అప్పుడు ఎక్కువగా కాళ్ళు మొరాయిస్తాయి. మెదడులో నీరు చేరినా రావచ్చు. ఇదే వాలకంతో మొదలయ్యే ఇంకా మొండి జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిలో మనిషి మొదట్లోనే పడిపోతుంటాడు, చూపు కిందికి దిగదు. కొన్ని మందులు కూడా తెస్తాయి. మనసు జబ్బులకు ఇచ్చేవి కొన్ని, వాంతులకు, తల తిరుగుడుకు ఇచ్చేవి కొన్ని. ఈ గ్యాసు గుళికలో ఉన్నవి రెండు మందులు. ఒకటి కడుపులో పులుపు తగ్గించేది, దానితో పేచీ లేదు. రెండోది లెవోసల్పిరైడ్, పేగుల్ని కదిలించేది. అది కడుపులో ఆగకుండా మెదడుకూ పోతుంది.

"మన కదలికలు నడిపించే రసం ఒకటి మెదడులో ఉంటుంది, డోపమిన్ అంటాం," అంది. "జబ్బులో ఆ రసం చేసే కణాలే చచ్చిపోతాయి. ఈ మందు అట్లా కాదు. రసం ఉంటుంది, అది పోవాల్సిన తలుపులు మూసేస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకటే."

"గోడకు బీట మాదిరా?" అన్నాడు కాశి. వాడంతట వాడు నోరు తెరవడం చూసి నేను ఉలిక్కిపడ్డాను. "పునాది దిగినా బీట ఇస్తాది. నీళ్ళు సరిగా కొట్టకపోయినా పూతకు బీట ఇస్తాది. చూసేకి ఒకటే."

"అంతే. మీది పూతలో బీట అని నా అనుమానం," అంది ఆమె.

దేవకి చేతులు జోడించేసింది. నేను కూడా లేవబోయాను. డాక్టరమ్మ కూర్చోమంది. తలకు స్కాన్ తీయిస్తానంది. ఈ జబ్బు ఉందో లేదో అందులో కనబడదు గానీ వేరే కారణాలుంటే కనబడతాయట. గుళిక ఇవాళ్టితో ఆపి, పులుపుకు ఉత్త మాత్ర రాసింది. ఏ మందైనా ఎవరికి వాళ్ళు ఆపేసుకోకూడదని, అడిగి ఆపాలని గట్టిగా చెప్పింది. నేను భయపడిన మాట చివర్లో చెప్పింది.

"చాలామందికి మందు ఆపితే పోతుంది. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. కొందరికి మాత్రం పోదు. లోపల దాగి ఉన్న జబ్బును మందు ముందుగా బయట పెట్టిందని అర్థం. మీకేదో ఈ రోజు నేను చెప్పలేను. కాలమే చెప్పాలి."

స్కాన్‌లో ఏమీ లేదు. గుడియాత్తం పోగానే కాశి చేసిన మొదటి పని, బలరామయ్య ముందు నిలబడి నిజం చెప్పడం. "అప్పా, నేను తాగను. అబద్ధం చెప్పినా. ఇది గ్యాస్ మాత్ర చేసిన పని అంటాండారు. తగ్గతాదో లేదో తెలీదు. మీకిష్టమైతే వేరే మేస్త్రిని పెట్టుకోండి." బలరామయ్య విని, "తాగి, తాగలేదనే మేస్త్రులను చానా మందిని చూసినా. తాగకుండా తాగినా అనేవాణ్ణి నిన్నే చూస్తాండా," అని, ఇల్లు కొంచెం ఆలస్యమైతే కూలిపోదులే, నువ్వు కింద కూర్చుని చెప్పు, కుర్రాళ్ళు పైకెక్కి చేస్తారు అన్నాడట. నేను ఆయన మీద మనసులో పెట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆ తరవాత ఎదురుచూపు. రోజూ కొట్టు కట్టేశాక దేవకికి ఫోను చేసేదాన్ని.

"నవ్వినాడా?"

"లేదు వదినా."

మొదటి నెలంతా అదే జవాబు. ఆడి నెల ఆషాఢపు గాలులు వచ్చాయి. కొట్టు ముందు రేకు ఎగిరిపోయింది, కట్టించాను, మళ్ళీ ఎగిరిపోయింది. కాశి అట్లాగే ఉన్నాడు. దేవకి వేళ్ళు నొప్పులు పుడుతున్నా బొత్తాలు పెడుతూనే ఉంది. నాకు నిద్ర పట్టేది కాదు. ఆ కొందరిలో మావాడు ఉంటే? పూర్ణచంద్రలాగా బతుకుతాడులే, ఆయన బాగానే ఉన్నాడు గదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. చెప్పుకున్నంత సులువుగా నమ్మలేకపోయాను.

ఒకరోజు నేను చేయకముందే దేవకి ఫోను చేసింది.

"వదినా, ఈయన నన్ను అరిచినాడు."

"ఏమని?"

"చట్నీలో ఉప్పు లేదని. పక్కింటోళ్ళకు వినబడేటట్ల అరిచినాడు!"

పెళ్ళయినప్పటి నుంచి మొగుడు అరిచాడని ఆమె చాలాసార్లు నాకు చెప్పుకుంది. ఇంత సంబరంగా చెప్పుకోవడం మాత్రం అదే మొదలు. ఆ వారంలోనే వణుకు ఒక చేతికి తగ్గింది, తరవాత రెండో చేతికీ. ఒక పొద్దున దేవకి కాఫీ కలిపి వచ్చేసరికి చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడట. ఒకటి తప్పు కాజాలో ఉందట. ఆమె దాన్ని సరిచేయకుండా అట్లాగే పనికి పంపించింది. మనవరాలు వచ్చినప్పుడు పాప బుగ్గ గిల్లి నవ్వాడని చెప్పి, ఆమె ఇక మాట్లాడలేకపోయింది. ఫోనులో ఇద్దరం ఏడ్చాం. వాడి మనసు ఎక్కడికీ పోలేదని, మొహమే మొరాయించిందని ఆమెకు అప్పటికి నమ్మకం కుదిరింది.

బలరామయ్య ఇంటికి స్లాబ్ పోసిన తరవాత మళ్ళీ డాక్టరు జెన్సి దగ్గరికి పోయాం. వేళ్ళు కొట్టించింది, రాయించింది, గుంజింది, వరండాలో నడిపించింది. మేము గోడకానుకుని చూస్తూ నిలబడ్డాం. కాశి పోయి, ఒక్క అడుగులో గిరుక్కున తిరిగి వచ్చాడు. రెండు చేతులూ ఊగుతున్నాయి.

"నాకు ఈరోజు జబ్బు లక్షణం ఒక్కటీ కనబడటం లేదు," అంది డాక్టరమ్మ. "ఆరు నెలలకోసారి వచ్చి చూపించండి, మానొద్దు. ఎవరు ఏ మాత్ర ఇచ్చినా, అది మందు కాదన్నా సరే, మీకు గతంలో ఇట్లా అయిందని ముందు చెప్పండి." ఆ గుళిక పేరు, దాని అన్నదమ్ముల పేర్లు ఒక కార్డు మీద రాసి ఇచ్చింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తారు. ఎలుకను పట్టినందుకు ఆ రోజు నేను ఆసుపత్రి మెట్ల మీదే దేవుడికి దండం పెట్టాను. కొండలో ఏముంటుందోనని ఎంత భయపడ్డానో నాకే తెలుసు.

భోజనానికి ఇద్దరినీ మా ఇంటికి రమ్మన్నాను. సత్తువాచారిలో బస్సు దిగి, రోడ్డు పక్కనే నడుస్తూ వస్తున్నాం. నేనూ దేవకీ ఏవో మాటల్లో పడ్డాం. తల ఎత్తి చూస్తే కాశి మా పక్కన లేడు. చాలా ముందు పోతున్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళున్నారన్న ధ్యాసే లేకుండా, చేతులు విసురుకుంటూ, ఎవరింట్లోనో స్లాబ్ ఆరిపోతున్నట్టు పోతున్నాడు. భార్యను వెనకొదిలి ముందు నడిచిపోయే మగవాళ్ళంటే నాకు మొదటి నుంచీ మంట. "రేయ్!" అని అరవడానికి నోరు తెరిచాను.

దేవకి గబుక్కున నా చేయి పట్టుకుంది.

"పిలవద్దు వదినా," అంది. కళ్ళు తుడుచుకుంటోంది, చూపు మాత్రం వాడి మీద నుంచి తీయడం లేదు. "పోనీ."

వాడు మా సందు మలుపు కూడా చూసుకోకుండా దాటిపోయాడు. మేమిద్దరం రోడ్డు పక్కనే నిలబడి, వాడు కనబడినంత దూరం చూస్తూ ఉన్నాం. పిలవలేదు.